సరిహద్దు పిల్లల ఇంగ్లిష్ ప్యాసేజీకి మీ పేజీలో జాగా కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే మీ చదువుల పేజీలో పదో తరగతి ఇంగ్లిష్ మాదిరి ప్రశ్నలు మొదలవుతాయి. నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్, చంద్రపూర్ జిల్లాలో రాజురా, గడ్చిరోలి జిల్లాలో సిరొంచ తాలూకాల తెలుగిళ్లలో ఆ పేజీలు కత్తిరించి దాచేవాళ్లున్నారు. కానీ అవి తెలంగాణ బోర్డు పద్ధతిలో ఉంటాయి. మా దిక్కు పిల్లలు రాసేది పుణె బోర్డు, అంటే మహారాష్ట్ర రాష్ట్ర బోర్డు పరీక్ష. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఆపైన మూడో భాషగా ఇంగ్లిష్. ఈ తాలూకాల్లో హైస్కూలు పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే కొందరం కలిసి రాస్తున్న ఉత్తరమిది. మీ పత్రికను అడగాల్సింది చివర అడుగుతాం. ప్యాసేజీ చదవడం ఎక్కడ చెడుతోందో, సాధన ఎట్లా చేయిస్తే కుదురుతుందో చెప్పకుండా అడిగితే మా కోరిక మీకు వింతగా తోస్తుంది.

మూడో భాష ఇంగ్లిష్ రాత పరీక్ష 80 మార్కులకు, మూడు గంటలు. ప్రశ్నపత్రం పేరే యాక్టివిటీ షీట్. పాఠ్యపుస్తకంలోంచి ఇచ్చే రెండు ప్యాసేజీలకు 20, పుస్తకంలో లేని కొత్త ప్యాసేజీకి 10, సారాంశం రాయడానికి 5. అంటే 35 మార్కులు చదివి అర్థం చేసుకోవడం మీదే నిలబడ్డాయి. పది మార్కుల ప్యాసేజీ ప్రతిదానికీ ఏ1 నుంచి ఏ5 దాకా అయిదు యాక్టివిటీలు, రెండేసి మార్కులు. మొదటిది ప్యాసేజీలో నేరుగా కనిపించే సంగతి. రెండోది రెండు మూడు వాక్యాలు కలిపి చూస్తేగాని తేలని సంగతి. మూడోది పదాలు, నాలుగోది వ్యాకరణం, అయిదోది రాసేవాళ్ల సొంత అభిప్రాయం. 180 నిమిషాలను 80 మార్కులకు పంచితే మార్కుకు రెండుంపావు నిమిషాలు, ప్యాసేజీకి ఇరవై రెండున్నర నిమిషాలు వస్తాయి. ఇంటి దగ్గర సాధనకు కూడా ఇదే కొలత పెట్టుకోవాలి. గంటసేపు నింపాదిగా ఒక ప్యాసేజీ చేసి అన్నీ ఒప్పే అనుకోవడం పరీక్ష హాల్లో పనికిరాదు.

బజారులో దొరికే డైజెస్టులు (గైడ్లు), కొన్ని ట్యూషన్లు పిల్లలకు ఒక చిట్కా నేర్పుతాయి: ప్రశ్నలో ఉన్న మాట ప్యాసేజీలో ఎక్కడుందో పట్టుకో, ఆ వాక్యం మొత్తం దించెయ్. ఏ1కు ఇది పనిచేస్తుంది, అందుకే పిల్లలు దాన్ని వదలరు. ఏ2 దగ్గర బోల్తా కొడతారు. 'రవి డిడ్ నాట్ లీవ్ ది హౌస్ అంటిల్ ది రెయిన్ స్టాప్డ్' అని ప్యాసేజీలో ఉంటుంది. 'రవి లెఫ్ట్ బిఫోర్ ది రెయిన్ స్టాప్డ్', తప్పా ఒప్పా అని అడుగుతారు. రవి ఉన్నాడు, రెయిన్ ఉంది, స్టాప్డ్ ఉంది, ఒప్పు అని కొట్టేస్తారు. అదే వాక్యాన్ని తెలుగులో చెప్పమంటే 'వాన ఆగేదాకా రవి కదల్లేదు' అని సరిగ్గానే చెబుతారు. అంటే అర్థం కాక పోయిన మార్కు కాదిది. అర్థం చేసుకునే పని అసలు మొదలుపెట్టకుండానే జవాబు వెతికినందుకు పోయింది.

సాధనకు ఖరీదైన పుస్తకాలు అక్కరలేదు. ప్రతి ఇంట్లో దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ తీసుకోండి. లీటరు నీళ్లకు సరిపడే ప్యాకెట్ మీద సాధారణంగా ఇట్లాంటి రెండు వాక్యాలుంటాయి: 'డిజాల్వ్ ది ఎంటైర్ కంటెంట్స్ ఇన్ వన్ లీటర్ ఆఫ్ డ్రింకింగ్ వాటర్. డిస్కార్డ్ ఎనీ అన్‌యూజ్డ్ సొల్యూషన్ ఆఫ్టర్ 24 అవర్స్.' ఎన్ని నీళ్లు కలపాలి అంటే అందరూ చెబుతారు, అది ఏ1. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కలిపారు, సోమవారం పదింటికి చెంబులో సగం మిగిలింది, ఏం చేయాలి అని అడగండి. పారబోయాలన్న జవాబు ఆ మాటల్లో ఎక్కడా లేదు. గంటలు లెక్కవేసి 'డిస్కార్డ్'తో కలుపుకోవాలి, ఇదీ ఏ2. ఇంకో ప్రశ్న: సగం పొడిని అరలీటరులో కలిపితే చెప్పినట్టు చేసినట్టేనా? లెక్కల్లో చురుకైన పిల్లలు నిష్పత్తి సరిపోయింది కాబట్టి ఔనంటారు. 'ఎంటైర్' అనే మాటను దాటేసి వెళ్లినందుకే ఆ జవాబు వచ్చింది. పొడిలోని ఉప్పులు, చక్కెర ప్యాకెట్ అంతటా సమంగా కలిసి ఉండకపోవచ్చు, సగం పోస్తే పాళ్లు తప్పవచ్చు, అందుకని మొత్తం కలపమంటారు. (200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లూ ఉన్నాయి. చేతిలో ఉన్న ప్యాకెట్ మీద ఏముందో అదే చదివించాలి.)

అవే రెండు వాక్యాల్లో పిల్లలు పడే గుంటలు ఇంకో రెండున్నాయి. 'కంటెంట్స్' అంటే పుస్తకం మొదట్లో ఉండే పాఠాల పట్టిక అని వాళ్లకు తెలుసు, 'సొల్యూషన్' అంటే లెక్కకు జవాబు అని తెలుసు. ఆ తెలిసిన అర్థాలే తెచ్చి ఇక్కడ పెడతారు. తెలియని మాట కనిపిస్తే పిల్లలు ఆగుతారు, అడుగుతారు. తెలిసిందనుకున్న మాట దగ్గర ఎవరూ ఆగరు, తప్పు అక్కడ దాక్కుంటుంది. ఒక మాటకు తెలిసిన అర్థం ఆ వాక్యంలో కుదరలేదంటే ఆ మాటకు ఇంకో అర్థం ఉండి తీరుతుందన్న అనుమానం పిల్లలకు అలవాటు చేయాలి.

ఇక రోజువారీ సాధన. వారానికి అయిదు రోజులు, రోజుకో ప్యాసేజీ, 120 నుంచి 150 మాటలు, మొత్తం పాతిక నిమిషాలు. ముందు ఆ ప్యాసేజీ పిల్లల స్థాయికి తగిందో కాదో చూసుకోవాలి. నూరు మాటలు లెక్కపెట్టి తెలియనివాటి కింద గీత గీయమనండి. రెండు మూడు గీతలైతే ఒంటరిగా చదువుకోవచ్చు, అయిదైతే పక్కన ఎవరో ఒకరు ఉండాలి, పది దాటితే అది డిక్షనరీ తిరగేసే పనే అవుతుంది. హు, నేషన్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో కూడా ఎవరి సాయమూ లేకుండా చక్కగా అర్థం కావాలంటే నూటికి 98 మాటలు తెలిసుండాలని తేలింది. తొమ్మిదో తరగతి పిల్లలకు తొమ్మిదో తరగతి ప్యాసేజీయే ఇవ్వాలన్న పంతం వద్దు. ఆరో తరగతి పుస్తకం దగ్గర మొదలుపెట్టినా సిగ్గుపడాల్సింది లేదు. మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, కింది తరగతులవి ఫోన్‌లోకి దించుకుంటే చాలు.

మొదటి మూడు నిమిషాలు పెన్సిల్ పట్టకుండా, ప్రశ్నలు చూడకుండా, నోరు కదపకుండా ఒకసారి చివరిదాకా చదవాలి. తర్వాత పుస్తకం మూసి, ఇది దేని గురించో తెలుగులోనో మరాఠీలోనో ఒకే వాక్యంలో చెప్పాలి. ఆ వాక్యం రాకపోతే ప్రశ్నల్లోకి దిగొద్దు, మళ్లీ చదవాలి. అప్పుడు ప్రశ్నలు చదివి, పెన్సిల్‌తో రెండోసారి చదవాలి. 'హీ', 'షీ', 'ఇట్', 'దే', 'దిస్' కనిపించిన ప్రతిచోటా అది ఎవరిని, దేన్ని సూచిస్తుందో చూసి అక్కడికి వెనక్కి బాణం గీయాలి. 'బట్', 'దో', 'బికాజ్', 'అన్‌లెస్', 'హవెవర్' చుట్టూ గడి కట్టాలి. ఇది ఆరేడు నిమిషాల పని. జవాబులు రాయడానికి పది. ప్రతి జవాబు పక్కన అది ఎన్నో లైను ఆధారంగా రాశారో అంకె వేయాలి, లైను చూపించలేని జవాబు ఒప్పైనా సరే ఊహే. ఏ5 ఒక్కదానికి ఈ నియమం వర్తించదు. మిగిలిన అయిదు నిమిషాలు దిద్దుకోవడానికి. డిక్షనరీ ఇక్కడ, చివర్లో తీయాలి, నాలుగు మాటలకు మించి చూడొద్దు, నోటుబుక్కులో అర్థం ఒక్కటే కాకుండా ఆ మాట వచ్చిన వాక్యం కూడా రాసుకోవాలి.

దిద్దుకునేటప్పుడు తప్పు పక్కన ఎర్ర గీత గీసి వదిలేస్తే ఏమీ లాభం లేదు. తప్పు ఎందుకొచ్చిందో ఒక్క మాటలో రాయాలి. 'మాట' అంటే పదం తెలియలేదు. 'వాక్యం' అంటే పదాలు తెలిసినా వాక్యం విడలేదు. 'ఎవరు' అంటే సర్వనామం తప్పు మనిషికి తగిలింది. 'ప్రశ్న' అంటే 'హౌ' అడిగితే 'వై'కి జవాబిచ్చారు. 'నకలు' అంటే సరైన జవాబునే చూసి రాసేటప్పుడు స్పెల్లింగో కాలమో చెడగొట్టారు. మూడు వారాలు ఇట్లా రాస్తే ఎవరికి ఏ రోగమో బయటపడుతుంది. పదాలు రాకపోవడమే అసలు జబ్బని తల్లిదండ్రులు అనుకుంటారు. మేం చూసినంతలో 'ఎవరు', 'వాక్యం' అనే గడులు ముందుగా నిండుతాయి.

దానికి మన ప్రాంతపు కారణాలున్నాయి. మరాఠీలో కుర్చీ, నది స్త్రీలింగం, వాటిని 'తీ' అంటారు. మన ఇళ్ల తెలుగులో ఆడమనిషిని కూడా చనువుగా 'అది' అనేస్తాం. ఈ రెండు అలవాట్ల మధ్య పెరిగిన పిల్లలకు ఇంగ్లిష్‌లో 'షీ' ఎక్కడ మనిషో, 'ఇట్' ఎక్కడ వస్తువో చటుక్కున తెగదు. అంతకన్నా మొండిది 'దిస్'. 'సునీత టుక్ ది పాట్ టు ది పాటర్. హీ టోల్డ్ హర్ దట్ ఇట్ కుడ్ నాట్ బి మెండెడ్. దిస్ మేడ్ హర్ శాడ్.' సునీతకు బాధ కలిగించింది ఏమిటి అంటే సగం తరగతి 'ది పాట్' అని రాస్తుంది. ఇక్కడ 'దిస్' కుండను కాదు, కుండ ఇక బాగుపడదన్న సంగతిని పట్టుకుంది. బాణం ఒక మాటకు కాకుండా ముందు వాక్యం మొత్తానికి గీయాల్సిన చోటు ఇది.

పొడుగు వాక్యాల సంగతి మరీ ముఖ్యం. 'ది బాయ్ హూ సోల్డ్ ది సైకిల్ టు ది పోస్ట్‌మన్ లివ్స్ ఇన్ కిన్వట్.' కిన్వట్‌లో ఉండేదెవరు? పోస్ట్‌మన్ అంటారు, ఎందుకంటే 'లివ్స్' పక్కన ఉన్నది పోస్ట్‌మనే. తెలుగులో 'పోస్ట్‌మన్‌కు సైకిల్ అమ్మిన పిల్లగాడు' అని వివరమంతా ముందొచ్చి మనిషి చివర వస్తాడు, ఆ మనిషి వెంటనే క్రియ నడుస్తుంది. ఇంగ్లిష్‌లో మనిషి ముందొచ్చి వివరం వెనక తోకలా వేలాడుతుంది. తెలుగు పట్టుకుని వెళితే ఇక్కడ దారి తప్పుతారు, మరాఠీ మాత్రం అక్కరకొస్తుంది: 'జో ముల్గా... తో...' అనే వాక్యం మన పిల్లలు బడిలో రోజూ వినేదే. 'హూ' దగ్గర మనసులో 'జో' అనుకోమనండి, రెండో క్రియకు సరిగ్గా ముందు 'తో' అనుకోమనండి. పెన్సిల్‌తో 'హూ' ముందు బ్రాకెట్ తెరిచి, రెండో క్రియ ముందు మూయాలి. ఇక్కడ 'సోల్డ్' మొదటిది, 'లివ్స్' రెండోది. బ్రాకెట్‌లో ఉన్నది పక్కనపెడితే 'ది బాయ్ లివ్స్ ఇన్ కిన్వట్' మిగులుతుంది. రోజుకు ఇట్లాంటి వాక్యాలు రెండు విడదీయిస్తే రెండు నెలల్లో తేడా తెలుస్తుంది. రెండు భాషలు తెలియడం మన పిల్లలకు బరువని కొందరు తోటి ఉపాధ్యాయులే అంటుంటారు. మేం ఒప్పుకోం.

'అన్‌లెస్' గురించి ఒక్క మాట. 'అన్‌లెస్ ఇట్ రెయిన్స్ బై ఫ్రైడే, ది ఫార్మర్స్ విల్ నాట్ సో.' దీన్ని 'ఇఫ్' అనుకుని చదివితే వాన పడితే విత్తరు అని తేలుతుంది, పత్తి వేసే ఇంటి పిల్లలకు ఆ అర్థం నవ్వు తెప్పించాలి. నవ్వు రాలేదంటే వాళ్లు అర్థం కోసం చదవడం లేదు. 'పుట్ ఆఫ్', 'గివ్ అప్', 'లుక్ ఆఫ్టర్' వంటి జంటలు కూడా అంతే, విడివిడిగా ఎంత తేలికో కలిస్తే అంత చిక్కు.

తరగతిలో ఒకరి తర్వాత ఒకరు లేచి పైకి చదవడం ఉచ్చారణకు మంచిది, అర్థానికి దాదాపు సున్నా. తన వంతు ఎప్పుడొస్తుందో లెక్కపెట్టుకునే పిల్లల చెవిలో పాఠం పడదు. నిమిషానికి యాభై మాటల కన్నా నెమ్మదిగా చదివితే వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతారు. మాట మాటకూ ఆగకుండా మూడు నాలుగు మాటల ముక్కగా చదవడానికి అడ్డగీతలు పెట్టించాలి, ఒకే ప్యాసేజీని మూడో రోజు మళ్లీ చదివించాలి, గడియారం చూసి మాటలను నిమిషాలతో భాగించి రాయించాలి.

ఏ3లో పోయే మార్కులు చిన్న నిర్లక్ష్యం వల్లే. 'రిఫ్యూజ్డ్'కు వ్యతిరేకం ప్యాసేజీలోంచి వెతకమంటే అక్కడ 'యాక్సెప్టెడ్' ఉంటుంది, పిల్లలు 'యాక్సెప్ట్' అని రాస్తారు. అడిగిన మాట ఏ రూపంలో ఉందో జవాబూ ఆ రూపంలోనే ఉండాలి. సారాంశం ప్యాసేజీలో మూడో వంతు ఉండాలి, 120 మాటలకు 40. మొదటి మూడు వాక్యాలు దించితే సారాంశం కాదు, ఉదాహరణలు, పేర్లు, రెండోసారి చెప్పినవి తీసేసి మిగిలింది సొంత వాక్యాల్లో కలపాలి. ఏ5ను ఖాళీగా వదిలేయడం అన్నిటికన్నా బాధాకరం. దానికి జవాబు ప్యాసేజీలో ఉండదు, ఉండదని తెలియకనే వెతికి వెతికి వదిలేస్తారు. తప్పుల్లేని చిన్న వాక్యాలు మూడు చాలు.

ఇంగ్లిష్ రాని తల్లిదండ్రులు ఏం చేయగలరని అడుగుతారు. చాలా చేయగలరు. పిల్లలు ప్యాసేజీ చదివాక ఆ సంగతి తెలుగులో చెప్పమనండి, వింటూ అడ్డుప్రశ్నలు వేయండి: ఎవరు? ఎందుకు? తర్వాత ఏమైంది? చెప్పే కథ ఎక్కడ అతకలేదో అక్కడే తప్పు చదివారని లెక్క. ఆ చోటు మళ్లీ చదవమంటే చాలు, మీకు ఒక్క ఇంగ్లిష్ ముక్క తెలియనక్కరలేదు.

ఇప్పుడు మా కోరిక. జూన్ చివర బడులు నడక పట్టినప్పటి నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి శనివారం మీ చదువుల పేజీలో తొమ్మిది, పది తరగతుల కోసం 130 నుంచి 150 మాటల ఇంగ్లిష్ ప్యాసేజీ ఒకటి, ఏ1 నుంచి ఏ5 దాకా పుణె బోర్డు పద్ధతిలో వేయండి. గెస్ ప్రశ్నలు మాకొద్దు. ప్యాసేజీ విషయం అదే వారం మీ పత్రికలో తెలుగులో వచ్చిన వార్తల్లోంచి తీసుకుంటే మేలు: గోదావరి నీటిమట్టం, పత్తి ధర, కొత్త రైలు వేళలు. తెలుగు వార్త ముందు తెలిసి ఉంటే ఇంగ్లిష్‌లో తెలియని మాటలు సగం వాటంతటవే విడిపోతాయి. మన దగ్గర మరాఠీ బడులకు వెళ్లే పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, లిపి చదవడం రాదు. అందుకని కష్టమైన ఆరు మాటలకు తెలుగు అర్థాలు పక్కన వేస్తే అవి అమ్మో నాన్నో చదివి చెబుతారు, ఆ వంకన అక్షరాలూ కొన్ని అబ్బుతాయి. జవాబులు మరుసటి శనివారం ఇవ్వండి, ఒప్పు ఏదో చెప్పి ఊరుకోకుండా మిగతావి ఎందుకు తప్పో ఒక్కో వాక్యం రాయండి. అదే రోజు పేజీ అడుగున తలకిందులుగా అచ్చువేసే అలవాటు మాత్రం వద్దు. పేపరు తిప్పడానికి పిల్లలకు అర సెకను చాలు.

ఇట్లు,
హైస్కూలు ఇంగ్లిష్ ఉపాధ్యాయులు కొందరు,
ధర్మాబాద్, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర